పార్కింగ్ లైట్లకి డయలక్స్ ఈవో: ఆరేళ్ళు వాడాక

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం. ఇల్లు ఒడిశాలో, పని సగం ఆంధ్రాలో. చేసేది ఎలక్ట్రికల్ కాంట్రాక్టు. కల్యాణ మండపాలు, పెట్రోలు బంకులు, రైసు మిల్లులు, వీటి బయట స్థలాల్లో లైట్లు వేస్తాం. మాకు మొదట తెలిసిన డిజైను ఒక్కటే: నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, యజమాని గొణిగితే మధ్యలో ఇంకోటి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీద పడ్డాక, ఒరిగిపోయిన స్తంభాలన్నీ మళ్ళీ నిలబెట్టే పని వచ్చింది. ఎలాగూ గుంత మళ్ళీ తవ్వాలి, మరి పాత చోటే ఎందుకు తవ్వాలి అన్న అనుమానంతో ఆ మరుసటేడు డయలక్స్ ఈవో అనే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. ఏ స్తంభం ఎక్కడ పెడితే నేల మీద ఎంత వెలుగు పడుతుందో ఇది లెక్క కడుతుంది. జర్మనీలోని డయల్ అనే సంస్థ తయారీ. ఉచితం. ఈమధ్య ప్రో అని డబ్బు కట్టే రకం కూడా పెట్టారు, నేను కట్టలేదు, పార్కింగ్ పనికి అవసరం పడలేదు. విండోస్‌లోనే నడుస్తుంది. ముసలి ల్యాప్‌టాప్ అయితే లెక్క నడిచేటప్పుడు ఫ్యాను జెట్ విమానంలా అరుస్తుంది.

మొదటి పనిలోనే పరువు పోయింది. ఆర్కిటెక్టు ఇచ్చిన డ్రాయింగు అడుగుల్లో ఉంది. లోపలికి తీసుకునేటప్పుడు యూనిట్ ఏమిటని అడుగుతుంది, నేను చూడకుండా మీటర్లు అని నొక్కేశాను. 160 అడుగులకి 100 అడుగుల స్థలం కాస్తా 160 మీటర్లకి 100 మీటర్లయింది, అంటే దాదాపు పదకొండు రెట్లు. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, దానికి చెప్పిన స్థలానికి అది లెక్క కట్టింది. 14 స్తంభాలకి కొటేషన్ పట్టుకెళ్ళాను. మండపం యజమాని కాగితం చూసి, నన్ను చూసి, "ఇదేటి బాబూ, మండపానికి లైట్లెయ్యమంటే స్టేడియానికి లెక్క కట్టీసేవేటి?" అన్నాడు. ఆరోజు నుంచీ డ్రాయింగు తెరవగానే ముందు గేటు వెడల్పు కొలుస్తాను. గేటు 20 మీటర్లుందంటే అర్థమైపోతుంది.

ఇది నిజంగా నేర్పేది, దూరంతో వెలుగు ఎంత తొందరగా పడిపోతుందో. 9 మీటర్ల స్తంభం మీద లైటు సూటిగా కిందికి 3000 క్యాండెలా (ఒక వైపుకి విసిరే వెలుగు బలం) ఇస్తే, స్తంభం మొదట్లో 3000ని 9 తొమ్మిదులు 81తో భాగించాలి, 37 లక్స్ (నేల మీద పడే వెలుగు కొలత). 9 మీటర్లు పక్కకి నడిస్తే, ఆ వైపూ అదే 3000 ఇచ్చినా, దూరం పెరిగి, వెలుగు ఏటవాలుగా పడి, నేల మీద 13 లక్సే. అందుకే మంచి పార్కింగ్ లైటు లెన్సు కిందికి తక్కువా పక్కలకి ఎక్కువా విసురుతుంది. సాదా ఫ్లడ్ లైటు కాళ్ళ దగ్గర కళ్ళు చెదిరేలా పోసి, నాలుగడుగులు దాటాక చేతులెత్తేస్తుంది. ఈ తేడాని యజమానికి నోటితో చెప్పలేక చచ్చేవాణ్ణి. ఇప్పుడు రంగుల బొమ్మ తిప్పి చూపిస్తాను, నీలం ఉన్నచోట చీకటి అని. అంతే, బేరం సగం అయిపోతుంది.

అసలు దెబ్బ కూడా ఆ బొమ్మ దగ్గరే తిన్నాను. అదే మండపం. యజమాని దగ్గర 6 మీటర్ల పాత పైపులున్నాయి, వాటితోనే కానిమ్మన్నాడు. ఐరోపా వాళ్ళ 12464-2 ప్రమాణంలో పార్కింగ్‌కి మూడు మెట్లున్నాయి: చిన్న దుకాణాలు, ఇళ్ళ దగ్గర 5 లక్స్, ఆఫీసులు, పెద్ద స్టోర్ల దగ్గర 10, స్కూళ్ళు, పెద్ద షాపింగు సముదాయాల దగ్గర 20. మూడింటికీ కనిష్ఠం సగటులో పావు వంతైనా ఉండాలి. మండపానికి 10 చాలనుకున్నాను. రిపోర్టులో సగటు 19, కనిష్ఠం 5.2 వచ్చింది. ఆకుపచ్చ టిక్కు పడింది. గర్వంగా బైండింగు చేయించి ఇచ్చాను.

మొదటి పెళ్ళికి టెక్కలి వైపు నుంచి రెండు బస్సులొచ్చాయి. రెండూ పక్కపక్కనే పెట్టారు. మధ్యలో మనిషి పట్టేంత సందు. భోజనాలయ్యాక ఆడవాళ్ళు ఫోన్ల లైట్లు వేసుకుని ఆ సందులోంచి బస్సెక్కుతుంటే యజమాని నాకు ఫోన్ చేశాడు. మా వైరింగ్ మేస్త్రి వెంట వచ్చాడు. రిపోర్టు చేతిలో పట్టుకుని 5.2 అని నేనింకా వాదిస్తున్నాను. మేస్త్రి బీడీ ముట్టించి, "కాయితం మీద బస్సు నేదు బాబూ, నేల మీదుంది" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని చేత్తో లెక్క వేశాను. బస్సు ఎత్తు 3.2 మీటర్లనుకోండి. దాని అవతలి అంచు స్తంభానికి 10 మీటర్ల దూరంలో ఉంటే, 6 మీటర్ల స్తంభం వెలుగుకి బస్సు నీడ ఆ అంచు నుంచి 11 మీటర్ల పైచిలుకు సాగుతుంది. అదే స్తంభం 9 మీటర్లయితే నీడ ఐదున్నర మీటర్లే. రెండు మూడు వరసల కార్లు ఒకవైపు నుంచే వెలుగు చూసే చోట సగటు ఎంతుంటే ఏం లాభం?

అప్పటి నుంచి డ్రాయింగులో పెట్టెలు పెడుతున్నాను. 11 మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, 3.2 ఎత్తు, అదే నా బస్సు. నాలుగైదు వరసగా పెట్టి మళ్ళీ లెక్క కొట్టిస్తాను. సమయం బాగా పడుతుంది, టీ తాగొచ్చేయొచ్చు. కానీ సందుల్లో నీలం బయటపడుతుంది. ఆ మండపంలో చివరికి మధ్యలో 9 మీటర్ల స్తంభాలు రెండు, ఒక్కోదానికీ రెండేసి చేతులు పెట్టి, మూలల్లో లైట్ల వాటేజీ తగ్గించాం. ఖాళీ స్థలం సగటు 19 నుంచి 14కి పడింది. ఫోన్ మళ్ళీ రాలేదు. పార్కింగ్ లైట్లకి అమెరికా వాళ్ళ ఆర్‌పీ-20 పాత సిఫార్సులో సగటు ఊసే లేదు: నేల మీద ఎక్కడైనా కనీసం 2 లక్స్, 1.5 మీటర్ల ఎత్తులో నిలువుగా 1 లక్స్, గరిష్ఠం కనిష్ఠానికి 20 రెట్లు మించకూడదు. ఎదురొచ్చే మనిషి ముఖం కనబడాలంటే ఆ నిలువు లెక్కే కావాలి. డయలక్స్‌లో పెట్టుకోవచ్చు, కానీ మనంతట మనం పెట్టుకుంటేనే.

ఇంకో గొయ్యి ఐఈఎస్ ఫైలు. లైటు ఏ వైపు ఎంత విసురుతుందో అందులో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంకెల పట్టీ కనిపిస్తుంది. ఒకసారి ఒక సరఫరాదారు 100 వాట్ల లైట్లకి ఫైలు పంపాడు. బిగించాక చీకటిగా ఉందని వాట్‌మీటర్ పెడితే 68 చూపించింది. ఫైలు ఒక లైటుది, పెట్టెలో వచ్చింది ఇంకోటి. డబ్బు సగమే తిరిగొచ్చింది. ఇప్పుడు ఒక లైటు ముందు తెప్పించి, మా డాబా మీంచి వేలాడదీసి, కింద లక్స్‌మీటర్ పెట్టి చూశాకే మిగతావి ఆర్డరిస్తాను. మా ఆవిడ దీన్ని దేవుడి దీపం అంటుంది.

మెయింటెనెన్స్ ఫ్యాక్టర్, అంటే దుమ్ము పట్టి, పాతబడ్డాక కొత్త లైటు వెలుగులో ఎంత వంతు మిగులుతుందన్నది, దాని దగ్గర డయలక్స్ 0.8 అని తనంతట తానే పెడుతుంది. ఆఫీసు గదికి సరిపోతుందేమో. తొలకరి రాత్రి ఉసుళ్ళు చచ్చి అద్దం లోపల పేరుకుపోవడం, మిల్లు ఊక దుమ్ము, ఏడాదికోసారి కూడా ఎవరూ నిచ్చెనెక్కకపోవడం, ఇవన్నీ చూసినవాడు 0.8 పెట్టడు. నేను మండపాలకి 0.7, మిల్లులకి 0.6 పెడతాను.

గాలి సంగతి మాత్రం ఇది లెక్క కట్టదు. 9 మీటర్ల స్తంభం తెర మీద చక్కగా నిలబడుతుంది. దానికి పునాది ఎంత, గొట్టం మందమెంత అన్నది గాలి ఒత్తిడికి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం చూసి సివిల్ ఇంజనీరు చెప్పాలి. తిత్లీ చూసిన మా వైపు ఆ ఫీజు దగ్గర పిసినారితనం చెయ్యను.

రీలక్స్ అని ఇలాంటి సాఫ్ట్‌వేరే ఇంకోటి కూడా ఒక నెల వాడి చూశాను. బాగానే ఉంది, కానీ చెయ్యి అప్పటికే డయలక్స్‌కి అలవాటు పడిపోయింది. ఏజీఐ32 అనే మరొకటి చందా కట్టి వాడేది, నా స్థాయి పనికి ఎక్కువ.

విసుగు తెప్పించేది ఒకటుంది. కొత్త వెర్షన్‌లో దాచిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. రాయగడలో ఉన్న మా బావమరిది అప్‌డేట్ చేసుకోడు, నేను చేసేస్తాను. నెలకోసారి దీనిమీద మాకు గొడవ. ప్రస్తుతం గుణుపురం దగ్గర లారీల పార్కింగ్ ఒకటి ఇద్దరం కలిసి చేస్తున్నాం. లారీ మీద గడ్డి లోడుంటే ఎత్తెంత పెట్టాలి అన్నది నిన్న రాత్రి వరకూ తేలలేదు. 4 మీటర్లని పెట్టి వదిలేశాం.