ఫాండ్యూ విందుకు గుంపుగా వెళ్లేవారికి ఒక హెచ్చరిక

సంక్రాంతికి వచ్చే అల్లుళ్లను, ఆడపడుచులను వెంటబెట్టుకుని ఏదైనా కొత్త రకం విందుకు వెళ్దామనుకునే కోనసీమ, రాజమహేంద్రవరం, భీమవరం వైపు వారందరూ ఫాండ్యూ (టేబుల్ మీద పెట్టిన వేడి చీజ్ గిన్నెలో రొట్టె ముక్కలు ముంచుకుని అందరూ కలిసి తినే వంటకం) హోటల్లో టేబుల్ బుక్ చేసుకునే ముందు దీనిని చదవవలసిందిగా మనవి. మన డెల్టా పట్టణాల్లో ఈమధ్య తెరిచిన అటువంటి హోటల్‌కు పిల్లా పెద్దా కలిసి పన్నెండు మందిమి వెళ్లాం.

ఫోనులో గిన్నెకు ఇంత అని చెప్పిన ధర బిల్లులో మనిషికి ఇంతగా మారింది. ఏమీ ముట్టని మా అత్తగారికీ, ఒళ్లో నిద్రపోయిన పసివాడికీ కూడా లెక్క కట్టారు. రెండోసారి తెచ్చిన రొట్టె ముక్కలకు వేరే ధర ఉంటుందని వడ్డించేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఫాండ్యూ స్విట్జర్లాండ్ వంటకం. గ్రుయేర్ వంటి చీజ్‌ను వైట్ వైన్‌లో కరిగించి, కొద్దిగా కార్న్‌ఫ్లోర్ చేర్చి, బరువైన గిన్నెను సన్నని సెగ మీద ఉంచి, పొడవాటి ఫోర్కులకు గుచ్చిన రొట్టె ముక్కలను అందులో ముంచుకుని తింటారు. సెగ తగ్గితే చీజ్ బిగుసుకుంటుంది, తెర్లితే నూనె తేలి ముద్దకడుతుంది. మాకు ఈ రెండూ జరిగాయి. చాక్లెట్‌ను వెచ్చగా ఉంచడానికి మాత్రమే సరిపోయే చిన్న కొవ్వొత్తిని గిన్నె కింద పెట్టి, ఏసీ గాలి నేరుగా తగిలేచోట కూర్చోబెట్టారు; చీజ్ గట్టిపడిందని చెబితే లోపలికి తీసుకువెళ్లి పెద్ద మంట మీద మరిగించి, విరిగిన పాలలా ఉన్నదానినే తిరిగి తెచ్చారు. ఏ చీజ్ వాడారో ప్యాకెట్ చూపమంటే చూపలేదు. శాకాహారులు ఈ ప్రశ్న తప్పక అడగాలి, ఎందుకంటే అసలైన గ్రుయేర్‌ను దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. వైన్ వద్దనుకునేవారు కూడా ముందే చెప్పాలి. దాని పులుపుకు బదులు నిమ్మరసంతో చేయవచ్చు.

ఇంతకంటే ప్రమాదకరమైనది, ముక్కలను ఎవరికి వారు ఉడికించుకునే సూప్ గిన్నె. పచ్చి చికెన్‌కూ, రొయ్యలకూ, రొట్టెకూ కలిపి ఒక్కొక్కరికి ఒకే ఫోర్కు, ఒకే ప్లేటు ఇచ్చారు. చికెన్ లోపలి భాగం దాదాపు 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితే తప్ప తినడం క్షేమం కాదు. ఆ సూప్ ఒక్కసారి కూడా మరగలేదు. రొయ్యలు వాసన వేశాయి. చుట్టూ రొయ్యల చెరువులున్న ఊళ్లో అటువంటివి వడ్డించడానికి చాలా ధైర్యం కావాలి! పచ్చి ముక్కలకు వేరే ప్లేటు, తినడానికి వేరే ఫోర్కు, శాకాహారులకు పూర్తిగా వేరే గిన్నె ఇవ్వని చోట కూర్చోకండి.

చివర బిల్లులో సర్వీస్ చార్జి కలిపి, ఆ మొత్తం మీద జీఎస్టీ వేశారు. సర్వీస్ చార్జిని వాటంతటవే బిల్లులో కలపరాదని హోటళ్లకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఈ మాట చెప్పాక మేనేజరు గారు దానిని తీసివేశారు. బిల్లు మీద ఉండవలసిన 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు మాత్రం లేదు.

గిన్నెకా, మనిషికా, పిల్లలకు ఎంత, రొట్టె అందులో కలిసే ఉందా అన్నవి వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు పంపండి. మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. తలసరి లెక్కన అదనంగా వసూలు చేసిన డబ్బు సంగతి ఇంకా తేలలేదు.