మూడేళ్లు దాటిన నా సెకండ్ హ్యాండ్ అక్వేరియం: కొన్న రోజు నుంచి ఇప్పటిదాకా

2021 చివర్లో కొన్నాను దీన్ని. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యి మంచం దిగలేని రోజులవి, టీవీ పెడితే తలనొప్పి అంటుంది, చిన్నప్పుడు చెరువు గట్టు మీద కూర్చుని గంటలు గంటలు చేపల్ని చూసేదాన్నిరా అని ఒకటే చెప్పేది, అది విని అక్వేరియం పెడదాం అనుకున్నా. షాపులో కొత్తది స్టాండు, మూత, ఫిల్టర్ కలిపి తొమ్మిది వేలు చెప్పారు. నా దగ్గర నాలుగు వేల చిల్లరే ఉంది. ఇక రోజూ ఓఎల్ఎక్స్ చూడటమే పని. నెలాఖర్లో చూడండి, ఇల్లు ఖాళీ చేసేవాళ్లు అప్పుడే ఎక్కువ పెడతారు, మోసుకెళ్లలేక రేటు కూడా దిగుతారు.

మొదట చూసింది కూకట్‌పల్లిలో. ఏడాదిగా డాబా మీద ఎండలో ఖాళీగా పడుంది, మూలల్లో గ్లాసుల్ని అతికించే సిలికాన్ మీద గోరు పెట్టి నొక్కితే రబ్బరులా లోపలికి పోవాలి కదా, అది గట్టిపడిపోయి అంచు లేచి వచ్చేసింది. రెండు వేలకే ఇస్తామన్నారు కానీ వదిలేశా. రెండోది మల్కాజిగిరిలో, నీళ్లతో చేపలతో నడుస్తున్న ట్యాంకు. నా మాట వినండి, నీళ్లున్న ట్యాంకే కొనండి, లీకు ఉందో లేదో కళ్ల ముందే తెలిసిపోతుంది. 36 ఇంచుల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు, అంటే అంచుదాకా నింపితే దాదాపు 106 లీటర్లు. ఐదు వేలు అన్నారు, మూడున్నరకి తెగింది, ట్రాలీ ఆటోకి ఇంకో ఆరొందలు.

తెచ్చేటప్పుడు నీళ్లు, రాళ్లు మొత్తం తీసేయాలి, అడుగున రెండంగుళాల నీళ్లున్నా ఎత్తేటప్పుడు జాయింట్ల మీద బరువు పడుతుంది. ఫిల్టర్‌లో స్పాంజి మాత్రం కడగొద్దు! పాత ట్యాంకు నీళ్లలోనే ముంచి కవర్లో తెచ్చుకోండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది, కొత్త స్పాంజిలో అది పెరగాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, తొందరపడి చేపలు వేస్తే చచ్చిపోతాయి పాపం. నాకు ఆ బాధ తప్పింది. ట్యాంకు కింద థర్మాకోల్ షీటు వేశా, స్టాండు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా గ్లాసు మీద ఒత్తిడి పడకుండా.

వాళ్లిచ్చిన హీటర్ మాత్రం వాడలేదు. గాజు గొట్టం లోపల తడి కనిపించింది, కరెంటుతో ఆటలెందుకని పారేసి కొత్తది 100 వాట్లది కొన్నా, అది కూడా చలికాలంలోనే పెడతాం.

అసలు కష్టం పద్నాలుగో నెలలో వచ్చింది. రాత్రి పన్నెండింటికి మంచినీళ్లకి లేస్తే స్టాండు కింద పేపర్ తడిసి ఉంది, వెనక మూల నుంచి ఒక్కో చుక్క, చాలా నెమ్మదిగా. చేపల్ని 60 లీటర్ల డ్రమ్ములోకి మార్చి స్పాంజి ఫిల్టర్ అందులో పెట్టి నడిపా, పైన మూత. మర్నాడు ట్యాంకు ఎండబెట్టి లోపలి సిలికాన్ మొత్తం బ్లేడుతో గీకేశా, ఎందుకంటే పాత సిలికాన్ మీద కొత్తది సరిగ్గా అతుక్కోదు, లీకున్న చోట మాత్రమే పూస్తే మళ్లీ కారుతుంది. బాత్రూముల కోసం అమ్మే ఫంగస్ మందు కలిపిన సీలెంట్ చేపలకి విషం, అక్వేరియంకి పనికొచ్చేదే అడిగి తీసుకోండి. పూశాక వెనిగర్ వాసన గుప్పుమంది, ఆ వాసన పూర్తిగా పోయేదాకా ఐదు రోజులు ఆగి, ఒకరోజు ఉత్త నీళ్లతో చూసి అప్పుడు చేపల్ని వేశా. ఒక్కటి కూడా చావలేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా చుక్క కారలేదు.

మాది బోరు నీళ్లు, గ్లాసు మీద తెల్లటి చార పడుతుంది, నీళ్లు మార్చేటప్పుడు నిమ్మచెక్కతో రుద్ది తుడిస్తే పోతుంది. గుప్పీలు, మోలీలు అనే చిన్న చేపలకి మాత్రం లవణాలు ఎక్కువున్న ఈ బోరు నీళ్లే పడతాయి. మంజీర నీళ్లో, కృష్ణా నీళ్లో కుళాయి నుంచి పట్టి పోసేవాళ్లు ముందు క్లోరిన్ పోగొట్టాలి, దానికి మందు దొరుకుతుంది.

ట్యాంకుతో పాటు ఒక సక్కర్ ఫిష్ కూడా ఇచ్చారు, అరచేతి అంత ఉండేది, ఏడాదిలో జానెడు దాటింది. అది అడుగు పొడవు దాటి పెరుగుతుంది, మూడడుగుల ట్యాంకులో ఉంచడం అన్యాయం, పెద్ద ట్యాంకున్న షాపాయనకి ఇచ్చేశా. దయచేసి చెరువులో మాత్రం వదలకండి, మన దగ్గర జాలర్ల వలలు చింపుతున్న దెయ్యం చేప అదే.

అమ్మ ఇప్పుడు బాగానే నడుస్తోంది. పొద్దున్నే లేచి మేత తనే వేస్తుంది, మొన్న అయితే నిద్రలో ఉన్నవాణ్ణి లేపి మరీ "ఒరేయ్, గుప్పీ పిల్లలు పెట్టిందిరా, ఆకుల చాటున చూడు" అంది, పదకొండు లెక్కపెట్టింది. ముందు గ్లాసు మీద పాతవాళ్లు స్క్రబ్బర్‌తో తోమిన గీతలు అలాగే ఉన్నాయి, అవి పోవు. అందుకే ట్యాంకు తిప్పేశాం, గీతలు గోడ వైపు, మంచి గ్లాసు అమ్మ కుర్చీ వైపు.