పెద్ద ఫ్యూయల్ పంపు పెట్టాను, తీసేశాను: పాత సిటీ వీటెక్‌తో రెండున్నరేళ్లు

మాది ఒడిశాలోని జయపురం, అత్తవారిది సాలూరు. మధ్యలో కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి, ఆ తర్వాత సుంకి ఘాట్. నా బండి ఆరోగ్యం తెలిసేది అక్కడే, సాలూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు, థర్డ్ గేర్‌లో.

బండి 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్. 106 పీఎస్ పవర్. కాలేజీ రోజుల్లో దాన్ని చూసి లొట్టలేసి, చివరికి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2023 చలికాలంలో గొడవ మొదలైంది. ట్యాంక్‌లో పెట్రోలు పావుకి తగ్గాక, హెయిర్‌పిన్ మలుపు తిరిగి గట్టిగా రేస్ ఇస్తే 4500 ఆర్‌పీఎం పైన జర్క్. ప్లగ్గులు మార్చాను, వైర్లు మార్చాను. మా ఆవిడ అయితే "ఏవండీ, బస్సులో వెళ్దాం" అనడం మొదలుపెట్టింది.

ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకి దాన్ని పంచే గొట్టం, అంటే ఫ్యూయల్ రైల్‌కి ప్రెషర్ గేజ్ తగిలించి చూస్తే విషయం బయటపడింది. ఐడిల్‌లో ఒత్తిడి 2.4 బార్, సరిగ్గానే ఉంది. లోడ్ మీద 3 ఉండాల్సింది 2.2కి పడిపోతోంది. ట్యాంక్‌లో ఉండి పెట్రోలుని ఇంజిన్‌కి తోసే పంపు ముసలిదైపోయింది.

ఇక్కడే నాకు ఆశ పుట్టింది. ఎలాగూ మారుస్తున్నాం కదా, గంటకు 255 లీటర్లు తోసే రేసింగ్ పంపు వేద్దామనుకున్నాను. మా మెకానిక్ "గురూ, టర్బో లేదు, ఏం లేదు, అంత పంపు దేనికి?" అన్నాడు. వినలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టించాను. వారం తిరక్కుండానే సైలెన్సర్ నుంచి నల్ల పొగ, ప్లగ్గుల మీద మసి, వెనక సీట్లో కూర్చుంటే కందిరీగల తుట్టె పక్కన కూర్చున్నట్టు రొద.

గేజ్ పెడితే ఐడిల్‌లోనే 3.4. కారణం అర్థమయ్యేసరికి రెండు ఆదివారాలు పోయాయి. ఈ బండిలో ఇంజెక్టర్లు వాడుకోగా మిగిలిన పెట్రోలు, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ గుండా రిటర్న్ పైపులోంచి ట్యాంక్‌కి వెళ్లిపోవాలి. ఆ పైపు సన్నం. అంత పెట్రోలు వెనక్కి పోయే దారి లేక, రెగ్యులేటర్ పూర్తిగా తెరుచుకున్నా ఒత్తిడి దిగదు. ఐడిల్‌లో మానిఫోల్డ్ (ఇంజిన్ గాలి పీల్చే గొట్టాలు) లోని వాక్యూమ్ ఇంజెక్టర్‌ని అవతలి వైపు నుంచి లాగుతుంది, దాన్ని కూడా కలిపితే ఇంజెక్టర్ మీద పడే ఒత్తిడి 3 నుంచి 4 బార్‌కి పెరిగినట్టు. పెట్రోలు కూడా మూడో వంతు పెరుగుతుందనుకోకండి, అక్కడ వర్గమూలం లెక్క, సుమారు 15 శాతం. పొగ రావడానికి అది చాలు. పైగా వేడెక్కిన పెట్రోలు తిరిగి తిరిగి ట్యాంక్‌లోకే చేరుతుంది. నాలుగు నెలలు భరించి తీసేశాను. డబ్బులు గోవిందా.

రెండోసారి బుద్ధిగా చేయించాను. ట్యాంక్ దింపించి కడిగించాం, అడుగున టీపొడిలా తుప్పు. కంపెనీ పంపుకి సమానమైన పంపే వేశాం. అసలు గుణం కనిపించింది మాత్రం వైరింగ్‌లో. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు దగ్గరికి వచ్చేసరికి 11.4! ఇరవై ఏళ్ల నాటి సన్న తీగ, చిలుము పట్టిన కనెక్టర్లు. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ పెట్టి లావు తీగ లాగి, పాత తీగతో రిలేని (కరెంటుతో పనిచేసే స్విచ్చు) నడిపిస్తే పంపు దగ్గర 13.4 వచ్చింది. పాత తీగతోనే నడపడం వల్ల తాళంచెవి తిప్పి బండి ఆపితే పంపు కూడా ఆగిపోతుంది, ఆ భద్రత పోలేదు. మొత్తం పనిలో అన్నిటికంటే చవకైనది ఇదే. ముందు ఇదే చేసి ఉంటే పాత పంపు ఇంకో ఏడాది లాగేదేమో.

గొట్టాల విషయంలో పీనాసితనం వద్దు. ఇంజిన్ దగ్గర ఎస్‌ఏఈ ప్రమాణంలో జే30ఆర్9 అనే రకం గొట్టం వేయించాను. ట్యాంక్ లోపల పెట్రోల్లో మునిగి ఉండే ముక్కకి అది పనికిరాదు, పై తొడుగు నానిపోతుంది. దానికి ఆర్10 అని వేరే ఉంటుంది. రెండూ విశాఖ నుంచి తెప్పించాను. గాట్లున్న మామూలు స్క్రూ క్లిప్పులు రబ్బరుని కోసేస్తాయి కాబట్టి అంచు మడిచిన ఇంజెక్షన్ క్లిప్పులే వాడండి. ఇంజెక్టర్లు పాతవే, కడిగించి కొత్త ఓరింగులు వేశాం. పని జరుగుతుండగా పక్క షెడ్డు కుర్రాడు బీడీతో వచ్చి నిలబడ్డాడు. ఆ నిమిషం టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత 21 వేల కిలోమీటర్లు తిరిగాను. లోడ్ మీద ప్రెషర్ 3 బార్, కదలదు. సుంకి ఘాట్‌లో జర్క్ లేదు. పవర్ పెరిగిందా అంటే, లేదు. పోయింది తిరిగొచ్చింది, అంతే. పెరిగిందనే వాళ్లని నమ్మకండి.

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక మైలేజీ హైవేలో 14 నుంచి 13కి దిగింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడింట రెండొంతులే కదా, అది పంపు తప్పు కాదు. అదే గాలికి ఇంధనం కూడా ఎక్కువ కావాలి, కాబట్టి ఒత్తిడి తగ్గిన పాత బండికి ఇబ్బంది రెట్టింపు. ట్యాంక్ గోడలకి మిగిలిన తుప్పుని కూడా ఆ ఇథనాల్ పెట్రోలు కడిగి దింపింది, ఏడాదిలో ఫిల్టర్ రెండుసార్లు మార్చాను. మా వైపు వానలు తెలుసుగా, నెల రోజులు బండి కదలని రోజుల్లో ట్యాంక్ నిండుగా ఉంచుతున్నాను, ఖాళీ ఉంటే లోపల చెమ్మ పడుతుంది.

ఒక్క చిక్కు మిగిలింది. పంపు మూత కింద లీకు కాకుండా వేసే గాస్కెట్ ఏడాదికే ఉబ్బింది. ట్యాంక్ నింపిన రోజు వెనక సీట్లో పెట్రోలు వాసన. కొత్తది వేశాను, ఎనిమిది నెలలైంది, ఇంతవరకు వాసన లేదు. మా ఆవిడ మాత్రం ఎక్కగానే ఓసారి ముక్కు ఎగబీల్చి చూశాకే బెల్ట్ పెట్టుకుంటుంది.