ఫాలౌట్ 4: ఊళ్లు గజిబిజిగా ఉన్నాయని కొత్త గేమ్ మొదలుపెట్టాలా?

ఫాలౌట్ 4లో పాత సేవ్ (దాచుకున్న ఆట) తెరవగానే చాలామందికి ఒకటే బుద్ధి పుడుతుంది, ఇదంతా వదిలేసి కొత్తగా మొదలుపెడదామని. గేమ్‌లో మన మొదటి ఊరైన శాంక్చువరీలో ఎప్పుడో కట్టిన చెక్క షెడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వైర్లు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నాయో కట్టినవాళ్లకే అంతుబట్టదు. మంచం కోసం బయలుదేరిన మనిషి గోడకు ముఖం ఆనించి అక్కడే నడుస్తూ ఉంటాడు. 2015 నవంబర్‌లో విడుదలైనప్పటి నుంచి మధ్యమధ్యలో ఆపుతూ, మళ్లీ వచ్చి చేరుతూ పీసీలో ఈ గేమ్ ఆడుతున్నాను. 2024 ఏప్రిల్‌లో ఫాలౌట్ టీవీ సిరీస్ వచ్చాక ఏళ్ల కిందటి సేవ్‌లు బయటికి తీసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కథ నాకు ఎప్పుడో పాతబడింది, ఇప్పుడు ఆడేది ఊళ్లు కట్టడానికే. ఇన్నాళ్లు ఆడాక నా మాట ఇదీ: ఊళ్లు బాగా లేవన్న ఒక్క కారణానికి రీస్టార్ట్ చేయొద్దు.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 2077లో అణుయుద్ధం జరిగింది. 2287లో వాల్ట్ 111 నుంచి బయటపడ్డ మనం బోస్టన్ చుట్టుపక్కల శిథిలాల్లో తిరుగుతాం. అసలు గేమ్‌లోనే 30 దాకా చోట్ల ఊళ్లు కట్టుకోవచ్చు, డీఎల్‌సీలతో (విడిగా కొనే అదనపు భాగాలతో) ఇంకొన్ని చేరతాయి. మంచాలు, నీళ్లు, పంటలు, కాపలా అన్నీ మనమే చూసుకోవాలి.

మొదటిసారి కట్టిన ఊరు ఎందుకు అంత అందవిహీనంగా తయారవుతుంది? మనకు కట్టడం రాక కాదు. ఆ దశలో చేతిలో ఏమీ ఉండదు. రాగి ఉండదు, అడెసివ్ (జిగురు) ఉండదు, కాంక్రీటుకు సరుకు ఉండదు. ఒక ఊరి జంక్ (ఏరుకొచ్చిన పాత సామాను) ఇంకో ఊళ్లో వాడుకోవాలంటే లోకల్ లీడర్ అనే పర్క్ (లెవెల్ పెరిగితే ఎంచుకునే నైపుణ్యం) కావాలి, దానికి కరిస్మా (జనాన్ని ఆకట్టుకునే గుణం) 6 ఉండాలి. అంగళ్లు పెట్టాలంటే ఆ పర్క్ రెండో ర్యాంకు కావాలి, అది లెవెల్ 14 దాకా రాదు. ఊళ్లో ఎంతమంది ఉండొచ్చన్నది కూడా పదికి మన కరిస్మా కలిపితే వచ్చే సంఖ్యే. అంటే దొరికిన చెక్కతో, వచ్చినవాళ్లకు వచ్చినట్టు గూడు కట్టిపెట్టడం తప్ప అప్పుడు వేరే దారి లేదు. రీస్టార్ట్ చేస్తే సరిగ్గా ఆ కరువులోకే తిరిగి వెళ్తాం. కాంకర్డ్‌లో మ్యూజియం, పవర్ ఆర్మర్, డెత్‌క్లా అనే రాక్షస జంతువు, ఆ తర్వాత ఫలానా ఊరికి ఆపద వచ్చిందని వెంటపడే ప్రెస్టన్ గార్వీ, అన్నీ మొదటి నుంచి. లెవెల్ ఇరవై వచ్చేసరికి శాంక్చువరీ మళ్లీ అదే అవతారంలో ఉంటుంది. మొదలుపెట్టిన ఉత్సాహం మాత్రం అప్పటికి సగం పోయి ఉంటుంది.

పాత సేవ్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. పర్కులు ఉన్నాయి, సరుకు ఉంది, చోట్లన్నీ తెలుసు. కూల్చి కట్టడానికి అంతకన్నా మంచి సమయం ఏముంది?

అయితే ఊరంతా ఒకేసారి నేలమట్టం చేయకండి. మంచం పీకగానే ఆ ఊరి సంతోషం అంకె దిగడం మొదలవుతుంది. నేను పాటించే క్రమం వేరు. ముందు మనుషుల సంగతి చూస్తాను. ఊళ్ల మధ్య సరుకు పంచే సప్లై లైన్ మీద తిరిగే ప్రొవిజనర్ ఎవరో, పొలంలో ఎవరో, కాపలా ఎవరో తెలియకుండా పని మొదలుపెడితే తర్వాత ఎవరికి ఏ పని అప్పగించామో వెతుక్కోవడమే సరిపోతుంది. అందుకే ఒక్కో పనివాళ్లకు ఒక్కో రకం బట్టలు తొడుగుతాను. దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. కొందరిని తాత్కాలికంగా పక్క ఊరికి, అబర్నథీ ఫామ్‌కో రెడ్ రాకెట్‌కో పంపేస్తే ఇంకా సుఖం. తర్వాత ఒక మూల మాత్రమే ఖాళీ చేసి, అక్కడ కొత్త ఇల్లు లేపి, మంచాలు వేసి, అప్పుడే పాతదాన్ని తీస్తాను. తీసేటప్పుడు సామాన్లను స్క్రాప్ చేయకుండా (ముడిసరుకుగా విడగొట్టకుండా) స్టోర్ చేయడం మేలు. కుర్చీ కుర్చీగానే ఉంటుంది, మళ్లీ వాడుకోవచ్చు. వైర్లు మాత్రం జనరేటర్ కదిలిస్తే పోతాయి, వాటి మీద ఆశ వదులుకోవాలి.

పంటల లెక్క కూడా ఈ సందులోనే సరిచేసుకోవచ్చు. ఒక మనిషి ఆరు యూనిట్ల ఆహారం పండించగలడు. మట్‌ఫ్రూట్ అనే పండు మొక్కకు ఒక యూనిట్, మొక్కజొన్నకు, టేటోకు అర. అయినా అన్నీ మట్‌ఫ్రూటే వేయకండి. మూడు మొక్కజొన్నలు, మూడు మట్‌ఫ్రూట్లు, మూడు టేటోలు, ఒక శుద్ధి చేసిన నీళ్లు కలిపి వండితే వెజిటబుల్ స్టార్చ్ వస్తుంది, దాన్నుంచి ఐదు అడెసివ్‌లు. తుపాకులు మార్చుకునేవాళ్లకు ఇంతకన్నా ముఖ్యమైన వంటకం ఈ గేమ్‌లో లేదు. శాంక్చువరీ నదిలో పెద్ద ప్యూరిఫయర్ ఒకటి వేస్తే 40 నీళ్లు ఇస్తుంది. మిగులు వర్క్‌షాప్‌లో చేరుతుంది, అమ్ముకుంటే క్యాప్స్‌కు (గేమ్‌లో డబ్బు) కొదవ ఉండదు. కాపలా అంకె మాత్రం ఆహారం, నీళ్లు కలిపిన మొత్తానికి తగ్గకూడదు.

ఒక ఊళ్లో ఎంత కట్టొచ్చో చూపే సైజు గీత నిండిపోయిందా? కట్టినవి తీస్తే అది దిగుతుంది. అదీ చాలకపోతే పాత చిట్కా ఉంది: తుపాకులు నేల మీద పడేసి వర్క్‌షాప్ మోడ్‌లో వాటిని స్టోర్ చేస్తే గీత ఇంకా కిందికి వస్తుంది. మోసమే అనుకోండి, నాకేం పట్టింపు లేదు.

ఒక్క శాంక్చువరీ విషయంలో నాకు ఓపిక నశించింది. కూలిపోయిన ఇళ్లు తీసేయొచ్చు గానీ, నిలబడి ఉన్న చిల్లుల కప్పు ఇళ్లు మాడ్ (ఆటగాళ్లు తయారుచేసిన మార్పు) లేకుండా కదలవు. ఎంత సర్దినా అద్దె ఇంట్లో సామాను సర్దినట్టే ఉంటుంది. దాన్ని అలాగే వదిలి స్టార్‌లైట్ డ్రైవ్-ఇన్‌కు మకాం మార్చండి. చదునైన నేల, మధ్యలో ప్యూరిఫయర్ పెట్టుకునేంత నీటి గుంట. పాత సేవ్‌లోనే కొత్త గేమ్ మొదలుపెట్టినంత ఆనందం. స్పెక్టకిల్ ఐలండ్ ఇంకా విశాలం, కాకపోతే ముందు మైర్‌లర్క్‌ల (రాక్షస పీతల) సంగతి చూడాలి.

మాడ్‌ల దగ్గరే అసలు చిక్కు. ప్రతి చెత్తనూ ఊడ్చేయనిచ్చే స్క్రాప్ మాడ్‌లు చూడ్డానికి బాగుంటాయి. కానీ వేగం కోసం గేమ్ ముందే కలిపి పెట్టుకున్న దృశ్యాలను అవి విడగొట్టేస్తాయి. దాంతో ఫ్రేమ్‌రేట్ పడిపోతుంది, గోడలు మినుకుమినుకుమంటాయి. అలాంటివి వేసి, తీసి, మళ్లీ వేసిన సేవ్‌ను బాగుచేయడం కష్టం. 2024 ఏప్రిల్ 25న వచ్చిన అప్‌డేట్‌తో స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే సాధనం మీద ఆధారపడ్డ మాడ్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పుడు చాలామంది పాత సేవ్‌లు తెరుచుకోక టెన్షన్ పడ్డారు. మీ సేవ్ ఈ రకంగా పాడైతే మటుకు రీస్టార్టే న్యాయం. ట్రాన్స్‌ఫర్ సెటిల్‌మెంట్స్ అనే మాడ్ ఉంటే ఇష్టపడి కట్టిన ఊరిని ఫైలుగా దాచుకుని కొత్త సేవ్‌లో దింపుకోవచ్చు. ఇది తెలిశాక, రీస్టార్టా రీబిల్డా అన్న మథన నాకు సగం తగ్గింది.

మిగతా సందర్భాల్లో రీస్టార్ట్ ఎప్పుడు? కథలో ఒక పక్షాన్ని తుడిచిపెట్టేశాక వాళ్లు తిరిగి రారు. నూకా-వరల్డ్ డీఎల్‌సీలో రైడర్ల (దోపిడీ ముఠాల) తరఫున మన ఊళ్లనే మనం ఆక్రమిస్తే ప్రెస్టన్ ఇక తోడుగా రాడు (కొందరికి అదొక వరం). సర్వైవల్ అనే కఠినమైన మోడ్ నుంచి ఒకసారి దిగితే ఆ సేవ్‌లో మళ్లీ ఎక్కలేం. ఇలాంటివి కావాలంటే కొత్త గేమ్ తప్పదు. కాస్త హెచ్చరిక: సర్వైవల్‌లో పడుకున్నప్పుడే సేవ్ అవుతుంది, కరెంటు పోతే కట్టినదంతా గోవిందా. యూపీఎస్ లేకుండా ఆ మోడ్‌లో మేడలు కట్టకండి. పర్కులు తప్పుగా ఎంచుకున్నామని రీస్టార్ట్ చేయడం మాత్రం అనవసరం. లెవెల్‌కు హద్దు లేదు, ఆడుతూ పోతే అన్నీ వస్తాయి. అయినా వాల్ట్ 111 లిఫ్ట్ ఎక్కేముందు ఒక సేవ్ విడిగా ఉంచుకోండి. పేరు, ముఖం, స్పెషల్ అంకెలు (బలం, కరిస్మా లాంటివి) అక్కడ మార్చుకోవచ్చు, ఆరంభ ఘట్టమంతా మళ్లీ చూడాల్సిన పని ఉండదు.

గేమ్ మీద నా ఫిర్యాదులు తక్కువేం కాదు. దూరం నుంచి పిప్‌బాయ్‌లో (చేతికి కట్టుకునే కంప్యూటర్‌లో) చూస్తే ఊరి నీళ్లు, మంచాల అంకెలు తప్పుగా కనిపిస్తాయి, అక్కడికి వెళ్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఎవరు ఏ పని చేస్తున్నారో చూపే జాబితా ఒకటి అసలు గేమ్‌లో ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. చుట్టూ గోడ కట్టినా శత్రువులు ఒక్కోసారి నేరుగా ఊరి మధ్యలోనే ప్రత్యక్షమవుతారు.

డీఎల్‌సీలు కొనాలా అంటే, కట్టడం మీద మోజు ఉంటే ముందు ఫార్ హార్బర్. కథ బాగుంటుంది, పైగా కొట్టాం తరహా చెక్క ఇళ్ల సామగ్రి దానితోనే వస్తుంది. కాంట్రాప్షన్స్‌లో గోదాము గోడలు శుభ్రంగా అతుక్కుంటాయి. వేస్ట్‌ల్యాండ్ వర్క్‌షాప్‌లో జంతువుల బోనుల జోలికి నేను పోలేదు గానీ, పిల్లులను పట్టి ఊళ్లో వదిలితే జనం సంతోషం పెరుగుతుంది. డిస్కౌంట్‌లో అన్నీ కలిపిన ఎడిషన్ దొరికితే విడివిడిగా కొనకండి.