హెవీ లైసెన్స్ ట్రైనింగ్: ఏడాదిన్నర లారీ నడిపాక పాత మాటకు చిన్న సవరణ

ట్రైనింగ్ అయిపోయిన రోజు డ్రైవింగ్ స్కూలు గేటు ముందు ఫొటో దిగి స్టేటస్ పెట్టుకున్నాను. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "హెవీ నేర్చుకోవాలంటే మన నల్లగొండ చుట్టుపక్కల ఇదే" అని చెప్పాను. ఆ మాట నమ్మి మా కట్టంగూరు వైపు పోరగాళ్లు ఇద్దరు అక్కడే డబ్బులు కట్టారు. అందుకే ఇది రాయాల్సి వస్తోంది. స్కూలు పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, నేను విన్నంతలో చాలాచోట్ల ఇదే తంతు.

నా గొడవ ఒక్కటే. నెల రోజులూ నాకు నేర్పింది ఖాళీ బండి మీద.

ఫీజు, కాగితాలు, స్లాట్ బుకింగ్ సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. ఎదురుచూపు గురించి మాత్రం రెండు ముక్కలు. కారు లైసెన్స్ వచ్చి ఏడాది నిండితే గానీ హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) ఇవ్వరు, వయసు కూడా 20 నిండాలి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక టెస్టుకు మళ్లీ ముప్పై రోజులు ఆగాలి. నాకు వీటికి తోడు ఇంకో రెండు నెలలు పోయాయి, ఎందుకంటే స్కూలుకున్న ఒక్క లారీ గేర్‌బాక్సు విప్పి షెడ్డులో పడుంది. ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చే సోమవారం" అనేవాళ్లు. ఎన్ని సోమవారాలు పోయాయో లెక్కపెట్టడం మానేశాను.

ఆ ఏడాది మా మేనమామ బండి మీద క్లీనర్‌గా తిరిగాను. లోడు మీద పట్టా (టార్పాలిన్) కట్టడం, తాడు బిగించడం, టైర్లు తట్టి గాలి చూడటం, పొద్దున్నే ఎయిర్ ట్యాంకు వాల్వు లాగి నీళ్లు వదలడం, అంతా ఎడమ వైపు పనే. స్టీరింగ్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "లైసెన్స్ లేనోడి చేతుల బండి బెడితే నా ఇల్లు అమ్మాలె అల్లుడూ" అనేవాడు. అప్పట్లో ఏడాది వృథా అయిందని ఏడ్చాను.

బ్యాచ్ మొదలయ్యాక తొమ్మిది మందిమి, ఒక బండి. ఒక్కొక్కరి వంతు వచ్చేది రోజుకు ఇరవై నిమిషాలు. మిగతా టైమంతా వేపచెట్టు కింద కూర్చుని పక్కవాడు గేరు గీరితే నవ్వడమే. కొత్తగా గుర్తింపు ఇచ్చే ట్రైనింగ్ సెంటర్లకైతే హెవీకి 38 గంటలు, ఆరు వారాలు అని కేంద్రం 2021లో నిబంధన పెట్టింది. మాది అలాంటిది కాదు, పాత తరహా స్కూలు.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. నేర్పిన మాస్టరు ఆర్టీసీలో రిటైరైన డ్రైవరు, రివర్సు నేర్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. తల బయట పెడితే మోచేతి మీద పుల్లతో కొట్టేవాడు. "అద్దంలో చూడు బిడ్డా, మెడ బయట పెట్టినోడు కుడి పక్క ఒక్కటే చూస్తడు" అనేవాడు. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, రివర్సు, అన్నీ మొదటిసారికే దాటి టెస్టు పాసయ్యాను. అప్పుడు అందరికీ నేను చెప్పుకున్నది ఈ గొప్పే. కాకపోతే ఆయన నేర్పింది పగటిపూట, సున్నం గీతల మధ్య. రాత్రి పదకొండింటికి ఇంకో రెండు లారీల సందులోంచి మిల్లు అరుగుకు వెనక్కి పెట్టాల్సి వచ్చినప్పుడు నేను తల బయట పెట్టాను, దిగి రెండుసార్లు చూసి కూడా వచ్చాను. పుల్ల గుర్తొచ్చింది గానీ ధైర్యం రాలేదు.

ఇక అసలు సంగతి. లైసెన్స్ వచ్చిన రెండు నెలలకు, యాసంగి వడ్ల సీజన్‌లో ఒక ఓనరు పది టైర్ల బండి ఇచ్చాడు. తిప్పర్తి వైపు ఒక ఊళ్లో ఐకేపీ సెంటర్‌లో (వడ్లు కొనే కేంద్రం) లోడు, మిర్యాలగూడలో ఒక మిల్లుకు దించాలి. నలభై కిలోల బస్తాలు 450, అంటే 18 టన్నులు. క్లీనర్‌గా ఇంతకంటే ఎక్కువ లోడే చూశాను, కాబట్టి భయం లేదు. ట్రక్ షీట్ (లోడు కాగితం) తీసుకుని, పట్టా కట్టి, ఎక్కి కూర్చున్నాను.

సెంటర్ రోడ్డు కంటే నాలుగైదు అడుగుల పల్లంలో ఉంది. మట్టి బాట ఎక్కితే తారు రోడ్డు. ట్రైనింగ్‌లో నెల రోజులూ సెకండ్ గేరులోనే లేపేవాళ్లం, ఖాళీ బండికి అదే చాలు. చెయ్యి దానంతటదే సెకండ్‌కు పోయింది. ముందు టైర్లు ఎత్తు ఎక్కాయి, వెనక ఎనిమిది టైర్లు పల్లంలోనే ఉన్నాయి, బండి ఒకసారి వణికి ఆగిపోయింది. ఇంజను బంద్.

వెనక్కి జారుతోంది. మెల్లగానే, మూరెడు జారిందేమో, కానీ వెనక ఎవరిదో వడ్ల కుప్ప, కుప్ప మీద పట్టా సర్దుతున్న ఒక ముసలమ్మ. బ్రేకు తొక్కాను, ఆగింది. కంగారులో వదిలి మళ్లీ తొక్కాను, మళ్లీ వదిలాను, మళ్లీ తొక్కాను. స్టార్ట్ చేయబోతే క్లచ్ నొక్కలేదు, బండి ఎగిరిపడింది. అంతలో గాలి తగ్గిందని బజర్ మోగడం మొదలైంది. లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయని, ఇంజను నడవకపోతే ఎయిర్ నిండదని, తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి ఖర్చవుతుందని నాకు తెలుసు. తెలుసు అంటే పరీక్షలో అడిగితే చెప్పేంత తెలుసు. స్టార్టయ్యాక ఎంత రేస్ చేసినా బండి కదల్లేదు. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. క్లచ్ మాడు వాసన క్యాబిన్ అంతా నిండిపోయింది. మొదటి లోడులోనే బండి పాడు చేశాననుకున్నాను.

హమాలీల మేస్త్రి అప్పటికే పరిగెత్తుకొచ్చి వెనక టైరు కింద రెండు బండరాళ్లు వేశాడు. ఒక్క మాట అనలేదు. రైతులు మాత్రం అన్నారు, మబ్బు పట్టి ఉంది మరి, బాటకు అడ్డంగా నా బండి.

మామకు ఫోన్ చేశాను.

"ఎయిర్ మీటర్ ఎంతున్నది?"

"మూడు."

"గాలి లేకపోతే వెనక స్ప్రింగ్ బ్రేకులు పట్టుకుంటయి. పాడుగాలే, బండే నిన్ను కాపాడింది. న్యూట్రల్ జేసి కూసో. ఎనిమిది దాక రానీ. అప్పటిదాక బ్రేకు ముట్టకు."

ముల్లు మూడు నుంచి ఎనిమిదికి పోవడానికి పట్టింది అయిదు నిమిషాలు కూడా ఉండదు. నాకు మాత్రం నెల రోజుల ట్రైనింగ్ కంటే పెద్దగా అనిపించింది.

"ఏ గేరు వేసినవ్?"

"సెకండ్."

"సెకండ్ల లేవడానికి గడ్డి లోడా అది? ఎవడు నేర్పిండు?"

"ఖాళీ బండిల నేర్పిన్రు మామా."

ఆయన నవ్విన నవ్వు ఫోన్ పెట్టేశాక కూడా చెవిలో ఉంది. ఫస్ట్ వేసి, హాఫ్ క్లచ్‌లో బండి ముందుకు గుంజుతోందని కాలికి తెలిశాక హ్యాండ్ బ్రేకు వదిలాను. రాళ్లు వెనకే ఉండిపోయాయి. ఎక్కింది.

ఆ తర్వాత రోడ్డు మీద ఇంకో పాఠం. తిప్పర్తి దాటాక ఒక ఆటో అడ్డం తిరిగింది. ఖాళీ బండికి అలవాటైన దూరంలో బ్రేకు తొక్కితే బండి ఆ దూరంలో ఆగలేదు. ఆటోవాడి అదృష్టమో నాదో, మూడు మూరల్లో తప్పింది. ఎడమ సీట్లో కూర్చుని ఏడాది చూసిన లోడు కాలికి అస్సలు తెలియదని అప్పుడు అర్థమైంది.

మిర్యాలగూడ చేరేసరికి మిల్లు ముందు లారీల లైను. రెండు రాత్రులు, ఒక పగలు అక్కడే. బత్తా డబ్బులు టీలకే పోయాయి, దోమల సంగతి చెప్పక్కర్లేదు. కానీ గంటకోసారి లైను ముప్పై అడుగులు కదిలేది. ప్రతిసారీ 18 టన్నుల బండిని ఫస్ట్‌లో లేపాలి, ముందు లారీకి రెండు గజాల దూరంలో ఆపాలి. అట్లా ముప్పైసార్లయినా లేపి ఆపి ఉంటాను. రెండో రాత్రికి బండి కుదుపు లేకుండా కదులుతోంటే, వెనక లారీ డ్రైవరన్న దిగివచ్చి "ఇప్పుడు బాగుంది తమ్మీ, నిన్నటి నుంచి చూస్తున్నా" అన్నాడు. స్కూలు చేయని పని ఆ లైను చేసింది. అలాగని ఆ మిల్లుకు దండం పెట్టను, అక్కడ కనీసం నీళ్ల కుళాయి కూడా లేదు.

కాబట్టి చేరాలా వద్దా అని అడిగితే, నాకు ఇంటి నుంచి బస్సులో అరగంట దూరం, రివర్సు నేర్పే ఆ మాస్టరు ఉన్నంతకాలం అక్కడే చేరతానేమో. కానీ నాకు మామ ఉన్నాడు, క్లీనర్‌గా ఏడాది ఉంది. అవి లేనివాళ్లు డబ్బులు కట్టే ముందు ఒక్కటి అడగండి: లోడు బండి ఒక్క రోజైనా ఇస్తారా? సగం లోడు ఇసుక బస్తాలైనా సరే. నేను తర్వాత మాస్టరును అడిగితే "డీజిల్ ఎవరిస్తరు, బండికేమన్నయితే ఎవరు కడతరు" అన్నాడు. ఆయన చెప్పిందీ తప్పు కాదు. ఇక చిన్న బండ్లు తోలేవాళ్లకు ఈ తలనొప్పి అక్కర్లేదు, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్స్ చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

నా మాట విని చేరిన ఇద్దరిలో ఒకడికి పోయిన వారం లైసెన్స్ వచ్చింది. వాడికీ ఖాళీ బండే. మొదటి లోడు రోజు ఎడమ సీట్లో కూర్చుంటానని చెప్పాను, ఆ రోజు నాకు ట్రిప్ లేకపోతే. రెండు బండరాళ్లు మాత్రం ముందే టూల్‌బాక్సులో వేసుకోమన్నాను.