పంచిపెట్టే దొంగ, విజిటింగ్ కార్డు పెట్టే దొంగ: ఏది మేలు?

2018 సెప్టెంబరులో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు పడ్డారు. వెంటిలేటర్ తీసి, తాడు పట్టుకుని లోపలికి దిగి, బంగారు టిఫిన్ బాక్స్, కప్పు, సాసర్, చెంచా పట్టుకుపోయారు. టిఫిన్ బాక్స్ మూడు గిన్నెలది, దాదాపు రెండు కిలోల బరువు. పది రోజులు తిరక్కుండానే ఇద్దరూ దొరికారు. ముంబయిలో పెద్ద హోటల్లో దిగారని, అందులో ఒకడు ఆ బంగారు డబ్బాలోనే భోంచేశాడని పోలీసులు చెప్పారు. ఆ వారం మా ఆఫీసు కింద ఇరానీ హోటల్లో ఇదే ముచ్చట. "ఏం తిని ఉంటాడంటావ్? బిర్యానీయా, పప్పన్నమా?" ఒక్కడి మొహంలో కూడా కోపం లేదు. నాకూ రాలేదు. దాచడమెందుకు, కొంచెం ముచ్చటేసింది కూడా.

ఈ మధ్య మా మేనకోడలు ఫ్రెంచి దొంగ కథ లూపిన్ సిరీస్ మొత్తం రెండు రాత్రుల్లో చూసేసి వచ్చి అడిగింది. "మామా, రాబిన్ హుడ్ గొప్పా, లూపిన్ గొప్పా?"

"రాబిన్ హుడ్డే," అన్నాను ఆలోచించకుండా.

"ఎందుకు?"

"పేదలకు పంచాడు కదా."

"అంటే ఖర్చు లెక్క చూపిస్తే దొంగతనం ఓకే అంటావ్."

పిల్ల కామర్స్ చదువుతోంది. జవాబు చెప్పలేక టీ పెట్టుకోడానికి లేచాను. అప్పటినుంచి బుర్రలో తిరుగుతూనే ఉంది.

ముందు నా వైపు నుంచి ఒక సంగతి చెప్పేయాలి, నా తీర్పు మీద దాని నీడ పడుతుంది కాబట్టి. నా చిన్నప్పుడు మలక్‌పేటలో మేమున్న అద్దె ఇంట్లో దొంగ పడ్డాడు. అందరం పెళ్లికి ఊరెళ్లాం. పోయింది పెద్దగా ఏమీ లేదు: వెండి కుంకుమ భరిణె, నాన్న వాచీ, పోపుల డబ్బాలో అమ్మ దాచుకున్న మూడొందలు. ఆడవాళ్లు డబ్బు ఎక్కడ దాస్తారో ఆ దొంగకు బాగా తెలుసు. గిన్నెలన్నీ డబ్బాలోనే బోర్లించి వెతికాడు. ఆవాలు, మెంతులు, జీలకర్ర, పసుపు అన్నీ కలిసిపోయాయి. అమ్మ ఆ డబ్బా ముందు కూర్చుని కాసేపు ఆవాలు ఏరింది. తర్వాత ఉన్నట్టుండి మొత్తం తీసుకెళ్లి చెత్తకుండీలో పోసి వచ్చింది. భరిణె కోసం ఏడవలేదు గానీ, ఎవడిదో చెయ్యి తన వంటింట్లో తిరిగిందన్నది మాత్రం చాలా ఏళ్లు మర్చిపోలేదు. రాత్రి గడియ పెట్టాక మళ్లీ లేచి చూసుకునేది.

దొంగ హీరోగా ఉన్న ఏ కథ చదివినా నేను ఆ పోపుల డబ్బా కోసం వెతుకుతాను. సాధారణంగా కనిపించదు.

ఇంగ్లండు గాథల్లోని అడవి బందిపోటు రాబిన్ హుడ్ సంగతి చూద్దాం. మనకు తెలిసిన రాబిన్ చాలావరకు తర్వాతివాళ్లు కడిగి, ఉతికి, ఇస్త్రీ చేసిన మనిషి. పాత గాథల్లో ఆయన ప్రభువూ కాదు, ఆస్తి పోగొట్టుకున్న జమీందారూ కాదు. ఒక మామూలు గ్రామీణుడు. 1500 ప్రాంతంలో అచ్చయిన పెద్ద గాథలో తన మనుషులకు ఒక నియమం పెడతాడు: నాగలి పట్టిన రైతు జోలికి పోవద్దు, బిషప్పులు, రాజుగారి అధికారి షరీఫు దొరికితే వదలొద్దు. అందులో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. అడవిలో దొరికిన ఒక నైట్‌కు, అంటే గుర్రపు యోధుడికి, చక్కగా భోజనం పెట్టి, చివర్లో బిల్లు కట్టమంటాడు. నా దగ్గర పది షిల్లింగులే ఉన్నాయి అంటాడు అతిథి. రాబిన్ అనుచరుడు లిటిల్ జాన్ నేల మీద దుప్పటి పరిచి పెట్టె బోర్లిస్తాడు. సరిగ్గా పదే. నిజం చెప్పాడు కనుక, మఠం దగ్గర తాకట్టులో ఉన్న అతని భూమి విడిపించుకోడానికి 400 పౌండ్లు అప్పిస్తాడు రాబిన్. తర్వాత అదే మఠం సన్యాసి దొరికి, నా దగ్గర ఇరవై మార్కుల సొమ్మే ఉందంటాడు. దుప్పటి మీద 800 పౌండ్లకు పైగా పడతాయి. మొత్తం ఊడ్చేస్తారు.

చూశారా, ఇక్కడ పరీక్ష డబ్బుకు కాదు, మాటకు. ఇది చదివితే రాబిన్ వైపు మొగ్గకుండా ఉండటం కష్టం. కానీ అదే కాలపు ఇంకో గాథలో, రాబిన్‌ను పట్టించిన సన్యాసిని అడ్డగించి చంపాక, అతని వెంట ఉన్న చిన్న నౌకరు కుర్రాణ్ణి కూడా చంపేస్తారు. ఎక్కడ చెప్పేస్తాడోనని. గాథ ఆ ముక్క ఒక్క వాక్యంలో దాటేసి ముందుకు పోతుంది. ఆ కుర్రాడే రాబిన్ కథలోని పోపుల డబ్బా. ఆ కుర్రాణ్ణి ఏ సినిమావాడూ తెర మీదికి తేడు.

ఇటు పెద్దమనిషి దొంగలు. ఫ్రెంచి రచయిత మారిస్ లెబ్లాంక్ 1905లో ఆర్సేన్ లూపిన్‌ను మొదలుపెట్టాడు. మొదటి కథలోనే లూపిన్ ఒక బేరన్ ఇంట్లో దూరి, ఉన్నవన్నీ నకిలీ సామాన్లని గ్రహించి, ఏమీ ముట్టుకోకుండా కార్డు పెట్టి పోయిన ముచ్చట వస్తుంది: ఫర్నిచర్ అసలుది అయ్యాక మళ్లీ వస్తాను అని. ఎంత నవ్వొస్తుందంటే, అది దొంగతనానికి వచ్చిన ఇల్లన్న సంగతే మర్చిపోతాం. రచయిత పనితనం అక్కడే ఉంది. పోగొట్టుకున్నవాణ్ణి ముందే జోకరు చేసేస్తే, మనకు జాలి పడే పని తప్పుతుంది.

ఇంగ్లండులో ఆయనకన్నా ముందే హోర్నంగ్ అనే రచయిత రాఫెల్స్‌ను పుట్టించాడు. పగలు క్రికెట్ ఆటగాడు, రాత్రి దొంగ. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయల్‌కు హోర్నంగ్ చెల్లెలి మొగుడు. నేరస్తుణ్ణి హీరోను చేయకూడదయ్యా అని డాయల్ మొత్తుకున్నాడు. బావ మాట బావ ఎప్పుడు విన్నాడు గనుక! ఒక కథలో రాఫెల్స్ బ్రిటిష్ మ్యూజియంలోని బంగారు కప్పు కొట్టేసి, బిస్కెట్ డబ్బాలో పెట్టి, జూబ్లీ కానుకగా విక్టోరియా రాణికి పోస్టులో పంపిస్తాడు. పురానీ హవేలీ మ్యూజియంలో ఉన్నవాటిలో చాలామటుకు ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలే. లండన్ కథలో కప్పు జూబ్లీకి పోయింది, మన దగ్గర జూబ్లీ మ్యూజియంలోంచి కప్పు పోయింది. ఇలాంటివి ఎవరైనా కల్పిస్తే అతిగా ఉందంటాం.

రాఫెల్స్‌కూ నియమాలున్నాయి. భోజనానికి పిలిచినవాడి ఇంట్లో దొంగతనం చేయకూడదట. పిలిచిన ఇల్లే దోచిన సందర్భాలూ ఉన్నాయనుకోండి. ఆయన గురించి ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ 1944లో రాసిన వ్యాసంలో తేల్చిందేమిటంటే, రాఫెల్స్‌కు నీతి అంటూ లేదు, ఉన్నదల్లా మర్యాద. దానికి నేను చేర్చేది ఒకటే: మర్యాద మాత్రమే ఉన్నవాడు నీతి గురించి అబద్ధం చెప్పక్కర్లేదు. లూపిన్‌గానీ రాఫెల్స్‌గానీ నేను న్యాయం చేస్తున్నానని అనరు. సరదాకి, సొమ్ముకి దొంగతనం చేస్తాం అంటారు, అంతే. బందిపోటు అలా కాదు. ఎవడు ధనవంతుడో, ఎవడు పాపాత్ముడో తనే తేలుస్తాడు, శిక్ష కూడా తనే వేస్తాడు. మనసు మంచిదైతే సరే. లేకపోతే?

మన సినిమాలు ఈ చిక్కును చాలా తేలిగ్గా విప్పేశాయి. 2009 నాటి కిక్‌లో హీరో కొట్టేసిన సొమ్ము పిల్లల క్యాన్సర్ వైద్యానికి పోతుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో చూశాను. ఆ సంగతి తెలిసినప్పుడు హాలంతా ఈలలు. నేనూ వేశాను. దోచినవాడు మంచివాడు, దోపిడీకి గురైనవాడు దుర్మార్గుడు, సొమ్ము పోయేది పసిపిల్లలకు. ఆలోచించడానికి ఏమీ మిగల్చలేదు. అంత శుభ్రమైన దొంగతనం బయట ఎక్కడా జరగదు.

మన నేల మీద కథగా మారిన మనుషుల దగ్గరికి వస్తే వ్యవహారం అంత శుభ్రంగా ఉండదు, అందుకే నాకు వాళ్లంటే ఎక్కువ ఆసక్తి. 1708లో వరంగల్ మీద పడిన సర్వాయి పాపన్నను తీసుకోండి. పాటల్లో ఆయన కల్లుగీత వదిలి కత్తి పట్టిన వీరుడు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతలో ఆయన సొంత అక్కాచెల్లెళ్లలో ఒకామెను, డబ్బున్న విధవను, దోచి ఆ సొమ్ముతో మనుషుల్ని కూడగట్టిన దొంగ. ఖాఫీ ఖాన్ ఎవరి ఉప్పు తిన్నాడో మనకు తెలుసు కాబట్టి ఆ రాతను గుడ్డిగా నమ్మక్కర్లేదు. అలాగని పాటను కూడా నమ్మక్కర్లేదు, పాట కూడా ఒకవైపే నిలబడి పాడుతుంది. ఆ ఆడమనిషి తన వైపు నుంచి చెప్పిన పాట మాత్రం నాకు ఎక్కడా వినపడలేదు.

అన్నిటికన్నా ముందే ఈ మొత్తం పంచాయితీ తేల్చిన కథ మన దగ్గరే ఉంది. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో శర్విలకుడు బ్రాహ్మణ దొంగ. కన్నం వేయడం అతనికి శిల్పకళ. తామరపువ్వులా వేయాలా, నెలవంకలా వేయాలా అని ఆలోచించి, ఇటుక గోడకు పూర్ణకుంభం ఆకారమే బాగుంటుందని తేలుస్తాడు. కొలతాడు మర్చిపోయి జంధ్యంతో కొలుస్తాడు. లూపిన్ కార్డు దీని ముందు దిగదుడుపే. లోపల వీణ, మృదంగం, పుస్తకాలు తప్ప ఏమీ లేవని వెళ్లిపోబోతే, నిద్రలో పలవరిస్తున్న మైత్రేయుడు, ఇంటాయన చారుదత్తుడి స్నేహితుడు, నగల మూట తనే చేతిలో పెడతాడు.

తర్వాత ప్రేయసి మదనిక ముందు గొప్పలు పోతాడు: నేను ఆడవాళ్ల నగలు దోచను, బ్రాహ్మల సొమ్ము ముట్టను, దొంగతనంలోనూ నా బుద్ధి మంచిచెడ్డలు చూస్తుంది అని. తీరా అతను తెచ్చింది బ్రాహ్మడైన చారుదత్తుడి ఇంట్లోంచి, వసంతసేన అనే ఆడమనిషి దాచమని ఇచ్చిన నగలు. దొంగల నీతి సూత్రాలన్నిటికీ ఇంతకన్నా మంచి వెక్కిరింపు నేను చదవలేదు.

పైగా ఈ నాటకం తెల్లవారిన తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో కూడా చూపిస్తుంది. చారుదత్తుడు ముందు కన్నాన్ని చూసి ఎంత అందంగా వేశాడని మెచ్చుకుంటాడు, మన ఇరానీ హోటల్ బ్యాచ్ లాగే. కానీ నగలు తనవి కావు, తిరిగివ్వాలి. అప్పుడు భార్య ధూత పుట్టింటివాళ్లు పెట్టిన రత్నాల హారం తీసి ఇస్తుంది. దొంగ కళ చూపించాడు, మొగుడు రసికత చూపించాడు, మూల్యం మాత్రం ధూత మెడలోంచి పోయింది. ఇదే శర్విలకుడు తర్వాత చెరలో ఉన్న స్నేహితుడు ఆర్యకుణ్ణి విడిపించి, పాలకుడనే రాజును కూలదోసే తిరుగుబాటులో కలుస్తాడు. అంటే మా మేనకోడలు అడిగిన ఇద్దరూ ఈ ఒక్కడిలోనే ఉన్నారు.

మరి ఏది మేలు? కాలక్షేపానికైతే లూపిన్, ఇందులో నాకు సందేహం లేదు. నీతి అడిగితే బందిపోటే, కానీ దుప్పటి పరిచి లెక్కపెట్టే ఆ రాబిన్ వరకే. కుర్రాణ్ణి చంపిన గుంపుకు నా ఓటు లేదు. కథగా మాత్రం ధూతను చూపించిన శూద్రకుడి తర్వాతే ఎవరైనా. ఇదంతా మొన్న ఆదివారం ఇంట్లో చెప్పుకొచ్చాను. మేనకోడలు ఫోన్ చూసుకుంటూ "ఊఁ" కొట్టింది. అమ్మ బెండకాయలు కోస్తూ అంతా వింది. అడవి దొంగైనా, కోటు దొంగైనా నాకొకటే, కనీసం డబ్బా మూతైనా పెట్టి పోవాలి కదరా అంది.