ఐదేళ్లుగా జేబులో ఉన్న 10ఎక్స్ లెన్సు

వస్తువును పది రెట్లు పెద్దది చేసి చూపించే ఈ లెన్సులో నాకు బాగా నచ్చింది ఏమిటని అడిగితే, చాలామంది లోపమని తిట్టుకునేదాన్నే చెబుతాను. చూడాల్సిన వస్తువు లెన్సుకు అంగుళం దూరంలోనే ఉండాలి. లెన్సేమో కంటికి దాదాపు ఆని ఉండాలి. చెయ్యి చాపి పట్టుకుని పేపరు చదువుకునే భూతద్దం లాంటిది కాదిది. ఆ సంగతి తెలియక కొన్న మొదటి వారంలో వెనక్కి పంపించేద్దామనుకున్నాను. దూరంగా పట్టుకుంటే అంతా మసక, లేదంటే తలకిందులు.

తర్వాత పట్టు దొరికింది. లెన్సును కంటి దగ్గరే కదలకుండా ఉంచి, ఆ వేళ్లను చెంపకు ఆనించి, ఆకునో రాయినో రెండో చేత్తో మెల్లగా దగ్గరికి తెచ్చుకోవాలి. తెచ్చుకోలేనిదైతే మనమే దాని దగ్గరికి వంగాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి, కొన్నిసార్లు బోర్లా పడుకోవాలి. అప్పుడు చేను కనబడదు, గట్టు కనబడదు. బొటనవేలి గోరంత వెలుతురు, అందులో ఒక ఆకు ఈనె, దాని మీద నూగు. అంతే. ఆ అంగుళం దూరం లేకపోతే నేను నా చేలో ఇన్నిసార్లు నేలకు ముఖం ఆనించి ఉండేవాణ్ణి కాదు.

మాది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు. వానాధారపు ఎర్ర నేల, నాలుగెకరాల బుడ్డల చేను, అంటే వేరుశనగ. లెన్సు కొన్నది కూడా దానికోసమే. బుడ్డల మొక్కలో ముడుచుకుని ఉన్న లేత చిగురును మెల్లగా విప్పి చూస్తే తామర పురుగులుంటాయి. మామూలు కంటికి అవి మిల్లీమీటరు పొడవున్న గీతలు. లెన్సులో రెక్కల అంచున కుచ్చులా వెంట్రుకలు కూడా కనిపిస్తాయి. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను తుడిచిపెట్టిన కాండం కుళ్లు తెగులు గురించి మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది వైరస్ తెగులు. వయ్యారిభామ పుప్పొడిలో ఉన్న వైరస్‌ను చేలోకి చేరవేసింది ఈ తామర పురుగులే. వైరస్ ఏ లెన్సుకూ కనబడదు గానీ, మోసేది కనబడుతుంది. ఆ సంగతి తెలిసిన రోజున గట్టు మీది వయ్యారిభామ పువ్వును కూడా లెన్సు కింద పెట్టి చూశాను. దూరానికి తెల్లటి పూసలా ఉండేదానికి అంచు చుట్టూ సమానమైన ఎడంలో ఐదు చిన్న రేకులున్నాయి. నేను జీవితమంతా పీకి పారేసిన మొక్క అది. ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

రాళ్ల మీద కూడా బాగా పనిచేస్తుంది. ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న గుట్ట వైపు వెళ్లినప్పుడు, శాసనాల జోలికి పోకుండా, పక్కనున్న మామూలు గుండ్ల మీద ఎండిపోయిన మరకల్లా ఉండేవాటిని చూడండి. బూడిద రంగు, పసుపు, ఆకుపచ్చ. లెన్సులో అవి మరకలు కావు, చిన్న చిన్న గిన్నెలు, మడతలు. శిలీంధ్రమూ నాచూ కలిసి బతికే బతుకది. మసాలా దినుసుల్లో వేసే రాతిపువ్వు కూడా ఆ కోవలోదే. ఒక చుక్క నీళ్లు వేసి కాసేపాగితే రంగు మారడం కూడా కనిపిస్తుంది.

కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. మొదట నేను ఆన్‌లైన్‌లో నూటయాభై రూపాయలకు ‘30ఎక్స్’ అని చెక్కిన లెన్సు కొన్నాను. ఎంత చూసినా పెద్దగా కనిపించేది కాదు. చివరికి కిటికీ ఎదురుగోడకు తెల్లకాగితం అంటించి, కిటికీ బొమ్మ కాగితం మీద స్పష్టంగా పడేదాకా లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి, స్కేలుతో కొలిచాను. నాలుగు సెంటీమీటర్లు. 250 మిల్లీమీటర్లను ఆ దూరంతో భాగిస్తే లెన్సు ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో తెలుస్తుంది. అంటే అది ఆరు రెట్లే. నిజంగా 30ఎక్స్ కావాలంటే ఆ దూరం ఎనిమిది మిల్లీమీటర్లే రావాలి, లెన్సు కూడా గింజంత ఉండాలి. అంత వెడల్పు గాజుతో అది జరిగే పని కాదు. డబ్బులు పోయినందుకు కాదు నాకు బాధ, పెద్ద అంకె చూసి పిల్లలకు కొనిపెట్టేవాళ్లు ఎంతమంది ఉంటారోనని. ఇప్పుడున్నది మూడు గాజులు అతికించి చేసిన 10ఎక్స్. వెయ్యికి కాస్త తక్కువ పడింది. అదే గోడ దగ్గర కొలిస్తే రెండున్నర సెంటీమీటర్లు, చెప్పింది చెప్పినట్టే. అంచుల్లో కూడా రంగులు చీలవు.

ఇక ఈ లెన్సును దాని మూతకు పట్టి ఉంచే స్క్రూ సంగతి.

మూడో ఏడు, ఆరుద్ర కార్తె. రెండు వానలు పడ్డాయి. జొన్నగిరి దారిలో తెలిసినవాళ్ల చేను పక్కన బండి ఆపి, ఆరుద్ర పురుగుల కోసం వంగాను. మెడలో తాడుకు లెన్సు ఉంది. తెరుద్దామని చెయ్యి పెడితే పైన మూత మాత్రమే చేతికి వచ్చింది. మూతనూ లెన్సునూ కలిపే ఒక్క స్క్రూ బండి కుదుపులకు ఎప్పుడు ఊడిందో తెలియదు. లెన్సు నేల మీద ఎక్కడో పడింది. తడి ఎర్రమట్టి, రాళ్లు, గరిక. గంటసేపు ఒక్కో అడుగూ వెతికాను, నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

ఆ రోజుల్లో మా వైపు చేలల్లో ఇలా వంగి వెతికేవాళ్లు నేనొక్కణ్ణే కాదు. జొన్నగిరి, తుగ్గలి, అటు వజ్రకరూరు, తొలకరి పడిందంటే వజ్రాల కోసం జనం దిగుతారు. పక్క చేలో ఆదోని వైపు నుంచి వచ్చిన కుటుంబం ఒకటుంది. నన్ను చూసి వాళ్లు మొదట దూరంగా ఉన్నారు. విషయం చెప్పగానే అందరూ ఇటు వచ్చేశారు. వాళ్లలో ఒక అవ్వ నన్ను పక్కకు పిలిచి, “నాయనా, అట్ల నెత్తిన ఎండ పెట్టుకోని ఎతికితే కనపడదు. ఎండకు ఎదురుగా నిలబడు” అంది. తనే నిలబడింది. చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని మెల్లగా నడిచింది. పది నిమిషాలు కాలేదు, గరిక దుబ్బు పక్కన వంగి లెన్సు తీసి నా చేతిలో పెట్టింది.

డబ్బులిస్తే తీసుకోలేదు. కొంగుముడి విప్పి ఒక రాయి తీసింది, “దీన్ని సూసి పెట్టు” అని. చిక్కుడు గింజంత, ఒకవైపు నీళ్లలా తేటగా ఉంది. నీళ్ల సీసాతో లెన్సు కడిగి, మూత లేకుండానే వేళ్ల మధ్య పట్టుకుని చూశాను. రాయి అంచులన్నీ అరిగి, మీద గీతలున్నాయి. పలుగురాయి అయ్యుండొచ్చని నాకనిపించింది. కానీ నేను రాళ్లు తెలిసినవాణ్ణి కాను. ఆకారం, గీతలు కనిపిస్తాయి గానీ అది ఏ రాయో ఈ లెన్సు చెప్పదని ఉన్నమాటే చెప్పాను. సరేనని మళ్లీ ముడేసుకుంది.

అప్పుడు నా కాలి దగ్గరే ఒక ఆరుద్ర పురుగు పోతోంది. దాన్ని ఆకు మీదికి ఎక్కించి, లెన్సు అవ్వ కంటికి ఆనించి, ఆకును కింద నుంచి దగ్గరికి తెచ్చాను. తాకగానే కాళ్లు ముడుచుకున్న పురుగు కాసేపటికి మళ్లీ కదిలింది, ముందరి రెండు కాళ్లతో తడుముకుంటూ. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. “చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుంటాంటిమి. ఇన్ని ఎంట్రుకలుంటాయని ఎవురికి తెలుసు” అంది. కాళ్లు లెక్కపెట్టమన్నాను. ఎనిమిది. పురుగని పిలుస్తాం గానీ అది సాలీడు వైపు చుట్టమని చెప్పాను. ఆమె లెన్సు దించలేదు. మనవణ్ణి పిలిచి వాడి కంటికి తనే ఆనించింది, ఆకును ఎంత దూరంలో పట్టాలో కూడా తనే చూపించింది. నాకు వారం పట్టిన విద్య ఆమెకు రెండు నిమిషాల్లో వచ్చింది.

స్క్రూ తర్వాత పత్తికొండలో కళ్లద్దాల షాపులో వేయించాను. బిగించాక మీద గోళ్లరంగు చుక్క పెట్టమని అక్కడి అబ్బాయే చెప్పాడు. అయినా అప్పటినుంచి ఇంకో రెండుసార్లు వదులైంది. గాజు ఎంత మంచిదైనా ఆ స్క్రూ దగ్గర చేసినవాళ్లు కక్కుర్తి పడ్డారు. ఇప్పుడు తాడును మూతకే కాకుండా లెన్సు చుట్టూ కూడా చుట్టి కట్టుకుంటున్నాను.

కొత్తలో నేను దీని గురించి ఊరంతా చెప్పాను. ప్రతి రైతు జేబులో ఒకటుండాలన్నాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను. నాన్నకు ఇస్తే చేతి వణుకుకు నిలవలేదు. ఆయనకు ఇంట్లో ఉన్న పెద్ద మూడు రెట్ల భూతద్దమే హాయి. ఉరికే చీమను దీంతో చూడటం కష్టం, అంగుళం దూరంలోకి వెళ్లేలోగా అది వెళ్లిపోతుంది. మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి వెంట ఉంచుకుని అందులో పట్టి చూడాల్సి వస్తోంది. నిశితంగా కనిపించే లోతు కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లే. పురుగు వీపు కనిపిస్తే కాళ్లు మసక. పదిమందికి ఒకేసారి చూపించాలంటే మా మేనకోడలి ఫోనే నయం, ఆకు దగ్గర పెట్టి తీసిన ఫోటో తెర మీద అందరూ చూస్తారు. పిట్టల సంగతి చెప్పక్కర్లేదు, వాటికి బైనాక్యులర్సే కావాలి. ఇంకోటి, చొక్కాతో తుడిచి తుడిచి గాజు మీద సన్నని గీతలు పడ్డాయి. మన మట్టిలో పలుగు నలుసులుంటాయి, గాజు కన్నా గట్టివి. ముందు ఊది, తర్వాత నీళ్లతో కడిగి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

నాకు దగ్గరివి బాగా కనిపిస్తాయి, కళ్లద్దాలు తీసేసి చూడగలను. రోజూ చేనికి నడిచిపోయే పని. మోకాళ్లు ఇంకా వంగుతున్నాయి. ఈ మూడూ ఉన్నవాళ్లకైతే ఇదే కొనమంటాను. కడపలోనో కర్నూలులోనో మేడ మీద కుండీలు పెంచుకునేవాళ్లకు కూడా పనికొస్తుందనే అనుకుంటున్నాను, కానీ వాళ్లు ఎంత తరచుగా బయటికి తీస్తారో నాకు తెలియదు. పిల్లలకిస్తే మాత్రం సూర్యుడి వైపు పెట్టకూడదని, ఎండుగడ్డి మీద ఎండలో తెరిచి వదలకూడదని ముందే చెప్పండి.

జూన్ దగ్గరపడుతోంది. ఆరుద్ర కార్తెకు ముందే షాపుకు పోయి ఆ స్క్రూ కొత్తది వేయించాలి.